రూపము మార్చు రోగబీజము
హెచ్.ఐ.వి.యు, మానవ ప్రతిరక్షకములును – గంజాము జిల్లాకు సంబంధించిన కొన్ని విషయములు

గంజాము జిల్లాకు పేరిచ్చిన గంజాము పట్టణము ఋషికుల్యానది సముద్రమున కలియు చోటికి చేరువగా నున్నది. ఒకప్పుడు జిల్లాకు అదియే ముఖ్యస్థానము. 1815 ప్రాంతమున అచ్చట విషజ్వరములు ప్రబలి జననష్టము కలిగించుటచే అధికారులును, సంపన్నులును ఆ పట్టణమును విడిచిరి. ముఖ్యస్థానము బరంపురమునకు మారెను. జ్వరమునకు వెరచి ఊరు మారుట ఆ కాలమువారికి తెలిసిన ఉపాయము. నేడు ఈ జిల్లాను బాధించుచున్న హెచ్.ఐ.వి. విషయమున ఆ ఉపాయము చెల్లదు. ఇది గాలివలన గాని, నీటివలన గాని అంటునది కాదు. మనుష్యుల రాకపోకల వెంటనే ఇది ఊరూర తిరిగినది.

గంజాము ప్రజలకు వలస క్రొత్త గాదు. ఆంగ్లేయుల కాలమున గోపాలపురము రేవులో ఓడలెక్కి వేలకొలది జనులు కూలికై రంగూనునకు పోయిరి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఈ ప్రాంతము చెన్నరాజధానినుండి విడివడి ఒడిశాలో చేరిన తరువాతను వలస ఆగలేదు. త్రోవ మాత్రము మారినది. కొన్ని దశాబ్దములనుండి ఈ జిల్లా యువకులు సూరతు నగరమునకు పోయి మరమగ్గముల కర్మాగారములలో పని చేయుచున్నారు. భార్యాబిడ్డలు ఊరిలో నుందురు. భర్త సంవత్సరమునకు ఒకటి రెండుసార్లు వచ్చి పోవుచుండును. ఒడిశా రాష్ట్రమున హెచ్.ఐ.వి. సోకినవారు గంజాము జిల్లాలోనే అధికముగా నున్నారని ఆరోగ్యశాఖవారి లెక్కలు చిరకాలముగా చూపుచున్నవి. సోకినవారిలో ఇల్లు కదలని గృహిణులును, పసిబిడ్డలును కలరు. కావున దీనిని ఎవరి నడవడికో ముడిపెట్టి నిందించుటకంటె, దీని స్వభావమేమో తెలిసికొనుట మేలు.

ఆ స్వభావమున మిక్కిలి విచిత్రమైన విషయ మొకటి కలదు. మశూచికము వచ్చి పోయినవానికి ఆ వ్యాధి మరల రాదని పూర్వులెరుగుదురు. శరీరమున పుట్టిన ప్రతిరక్షకములే అందుకు కారణము. హెచ్.ఐ.వి. సోకినవారి శరీరమునను ప్రతిరక్షకములు పుట్టును, సమృద్ధిగానే పుట్టును. అయినను వ్యాధి నయము కాదు. పరీక్షాఫలముపై ప్రతిరక్షకములున్నవని వ్రాసియుండగా చూచి, రక్షణ కలిగినదని సంతోషించు వారును ఉందురు. ఆ వ్రాతకు అర్థము వేరు. వైరసు శరీరమున ప్రవేశించినదనుటకు అది సాక్ష్యము మాత్రమే. రక్షకుడు కావలసినవాడు సాక్షిగా మాత్రమే ఎందులకు మిగిలెను? ఈ ప్రశ్నకు సమాధానము వైరసుయొక్క పరిణామములో నున్నది.

ప్రతిరక్షకము – సాక్షి

వైద్యులు యాంటీబాడీలని పిలుచు ప్రతిరక్షకములు రెండు చేతులు చాచిన ఆకారముగల మాంసకృత్తులు. బి కణములనునవి వీనిని తయారుచేయును. ఒక్కొక్క ప్రతిరక్షకము ఒక్కొక్క ఆకారమునే గుర్తించును. తాళపుచెవి తన తాళమునకే సరిపడునట్లు, వైరసు పైభాగమున తనకు సరిపడు చోట అది అతుకుకొనును. ఆ అతుకు బిగువైనదై, సరియైన చోట పడినచో వైరసు కణములో ప్రవేశింపలేదు. అట్టి దానిని నిర్వీర్యకర ప్రతిరక్షకమందురు. చోటు సరికానిచో అతుకుట అతుకునే గాని వైరసునకు హాని కలుగదు.

భారతదేశమున ఈ వ్యాధి మొట్టమొదట బయటపడినది ప్రతిరక్షకముల మూలముననే. 1986లో మద్రాసు వైద్యకళాశాలలో డాక్టరు సునీతి సోలమన్ పర్యవేక్షణమున సెల్లప్పన్ నిర్మల అను పరిశోధకురాలు రక్తపు నమూనాలు సేకరింపగా, వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో జరిగిన పరీక్షలలో కొన్నింట హెచ్.ఐ.వి. ప్రతిరక్షకములు కనబడెను. నేటికిని సామాన్యముగా చేయు తొలిపరీక్ష ప్రతిరక్షకములను వెదకునదియే. ఇందుచే రెండు చిక్కులు కలవు. సోకిన తరువాత ప్రతిరక్షకములు పుట్టుటకు కొన్ని వారములు పట్టును. ఆ లోపల చేసిన పరీక్షలో వ్యాధి లేదని తేలవచ్చును. కావున అనుమానమున్నవారు మూడు నెలల పిమ్మట మరల పరీక్ష చేయించుకొనవలెను. రెండవ చిక్కు శిశువులది. తల్లి ప్రతిరక్షకములు మాయద్వారా గర్భస్థశిశువునకు చేరును గనుక, పదునెనిమిది నెలలు నిండువరకు శిశువు రక్తమున అవి కనబడినంత మాత్రమున బిడ్డకు వ్యాధి సోకినదని చెప్పరాదు. అట్టి బిడ్డలకు వైరసుయొక్క జన్యుపదార్థమునే వెదకు పరీక్ష చేయుదురు.

వేగము

ప్రతిరక్షకము ఓడిపోవుటకు మొదటి కారణము వైరసుయొక్క వేగము. హెచ్.ఐ.వి. జన్యుగ్రంథమున సుమారు 9,700 అక్షరములు మాత్రమే కలవు. అవి ఆర్.ఎన్.ఏ. అను పదార్థమున వ్రాయబడియుండును. వైరసు మనుష్యుని కణములో ప్రవేశించి, ఆ వ్రాతను డి.ఎన్.ఏ.గా మార్చి, కణముయొక్క సొంత జన్యువులలో అతికించును. ఈ పనిచేయు వైరసు లేఖకుడు మిక్కిలి అజాగ్రత్తపరుడు. తాను వ్రాసినదానిని తిరిగి చూచుకొని దిద్దుకొనడు. ఇంచుమించు 30,000 అక్షరములకు ఒక తప్పు వ్రాయునని అంచనా. అనగా మూడు ప్రతులకు ఒక తప్పు పడును. ఈ తప్పునే ఉత్పరివర్తనమందురు.

1996లో పెరెల్సన్, హో మున్నగు శాస్త్రజ్ఞులు చేసిన గణనము ప్రకారము, చికిత్స పొందని రోగి శరీరమున దినమునకు సుమారు వేయి కోట్ల వైరసులు పుట్టును. ఒక తరమునకు పట్టు కాలము రెండున్నర దినములు. ఇన్ని ప్రతులలో ఇన్ని తప్పులు పడుచుండగా, ఏ అక్షరము మారిన వైరసైనను శరీరములో ఎచ్చటనో ఒకచోట పుట్టియే యుండును. ఇది చాలదన్నట్లు, ఒకే కణములో రెండు రకముల వైరసులు ప్రవేశించినచో వాని వ్రాతలు కలగలిసి మూడవ రకము పుట్టుటయు కలదు. ఒక్క రోగి శరీరములో కొన్ని సంవత్సరములకు ఏర్పడు హెచ్.ఐ.వి. వైవిధ్యము, ఒక సంవత్సరమున ప్రపంచమంతట ఇన్‌ఫ్లుయెంజా వైరసు చూపు వైవిధ్యముతో పోల్చదగినదని పరిశోధకులు చెప్పిరి. మశూచికపు వైరసు ఇట్టిది కాదు. దాని జన్యుగ్రంథము డి.ఎన్.ఏ.; దానిలో మార్పు మెల్లగా జరుగును. కావుననే ఒకే టీకాతో దానిని లోకమునుండి తొలగించుట సాధ్యమైనది. భారతదేశమున 1975 తరువాత మశూచికము కనబడలేదు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని నిర్మూలనమును ప్రకటించెను.

తప్పులన్నియు వైరసునకు మేలు చేయునవి కావు. పెక్కు తప్పులు దానిని చంపును. కాని ప్రతిరక్షకములు గుర్తింపలేని మార్పు ఏ ఒక్కదానికైన కలిగినచో, తక్కినవి నశింప అది ఒక్కటియే మిగిలి వంశము వృద్ధి చేసికొనును. డార్విను చెప్పిన ప్రకృతివరణము ఇదియే. ఇచ్చట వైరసునకు బుద్ధి గాని, ఉద్దేశము గాని లేదు. జల్లెడపట్టునది ప్రతిరక్షకమే.

వేషములు

బరంపురమున రెండేండ్లకొకసారి జరుగు బుధీ ఠాకురాణీ జాతర ఈ ప్రాంతపువారందరికి తెలిసినదే. అమ్మవారికి మ్రొక్కుకొన్న భక్తులు నానావిధములైన వేషములు ధరించి వీధులలో తిరుగుదురు. దేహమునకు రంగులు పూసికొని పులి ఆట ఆడుదురు. తెలిసిన మనిషియే ఎదురుగా వచ్చినను పోల్చుకొనుట కష్టము. హెచ్.ఐ.వి. చేయునదియు ఇట్టిదే.

వైరసు పైపొరమీద మేకులవంటి మాంసకృత్తులు కలవు. మనుష్యుని కణములోనికి పోవుటకు ఇవియే దానికి సాధనములు. ఒక్కొక్క మేకు మూడు జతల కూర్పు. ప్రతి జతలోను జీపీ 120, జీపీ 41 అను రెండు భాగములుండును. ఇట్టి మేకులు ఒక వైరసుమీద సుమారు పదునాలుగు మాత్రమే యుండును. ఇన్‌ఫ్లుయెంజా వైరసుమీద వందలకొలది కలవు. మేకులు దూరదూరముగా నుండుటచే ప్రతిరక్షకము తన రెండు చేతులతోను రెండు మేకులను ఒక్కసారి పట్టుకొనలేదు; ఒంటిచేతి పట్టు బిగువు కాదు.

ఈ మేకుమీద వేషము మూడు విధములుగా మారును. జీపీ 120 పైన అయిదు చోట్ల వంకీలవంటి భాగములు కలవు. అవి ఎంత మారినను, పొడవు పెరిగినను వైరసు పనికి పెద్ద అడ్డు రాదు. మొదటి ప్రతిరక్షకములు ఎక్కువగా ఈ వంకీలనే పట్టుకొనును. వంకీ మారగానే పట్టు జారిపోవును. రెండవది చక్కెర గొలుసుల కవచము. జీపీ 120 బరువులో ఇంచుమించు సగము ఈ గొలుసులదే. వీనిని తయారుచేయునది మనుష్యుని కణమే గనుక, రోగనిరోధక వ్యవస్థ వీనిని తన సొత్తుగానే భావించి ఉపేక్షించును. ఒక్క అక్షరము మారినచో గొలుసు ఒక చోటు విడిచి మరియొక చోట అతుకుకొని, ప్రతిరక్షకము దారికి అడ్డుపడును. మూడవది దాపరికము. కణముమీద సి.డి.4 అను ద్వారము కలదు. దానిని పట్టుకొను భాగము మేకులో లోతైన మూలన నుండును. ఇతర భాగములు దానిని చుట్టి కాపాడును.

2003లో అమెరికాలో రెండు పరిశోధక బృందములు ఈ పోరును దినక్రమమున పరిశీలించినవి. ఒకే రోగినుండి కొన్ని నెలలకొకసారి రక్తము తీసి, ఆయా కాలపు వైరసును ఆయా కాలపు రక్తరసముతో ఎదిరింపజేసిరి. ఫలితము స్పష్టముగా తేలెను. నేటి రక్తరసము కొన్ని నెలల క్రిందటి వైరసును చక్కగా అణచును; నేటి వైరసును అణచలేదు. శరీరము క్రొత్త ప్రతిరక్షకమును తయారుచేయునప్పటికి వైరసు మరియొక వేషమున నుండును. ప్రతిరక్షకము బలహీనమైనది కాదు. ఎల్లప్పుడును ఒక అడుగు వెనుకబడినది, అంతే.

ఒకరినుండి ఒకరికి, తరమునుండి తరమునకు

ఈ పరిణామము ఒక్క శరీరముతో ముగియునా? భారతదేశమున ప్రధానముగా వ్యాపించినది హెచ్.ఐ.వి.–1లోని సి ఉపజాతి. దక్షిణాఫ్రికా ఖండభాగమున వ్యాపించినదియు అదియే. కావున అచ్చటి పరిశోధనలు ఇచ్చటివారికిని ఉపకరించును. 2004లో జాంబియా దేశమున భార్యాభర్తల జంటలను పరిశీలించినవారికి ఒక వింత కనబడెను. సోకించినవారి శరీరమున వంకీలు పొడవై, చక్కెర గొలుసులు పెరిగిన వైరసులు పెక్కుండగా, భాగస్వామి శరీరమున ప్రవేశించినది తరచుగా పొట్టి వంకీలతో, తక్కువ గొలుసులతో నున్న వైరసు. ఇతర పరిశోధనలనుబట్టి, స్త్రీపురుష సంబంధమువలన సోకినప్పుడు పెక్కుమందిలో వ్యాధి ఒక్క వైరసుతోనే ఆరంభమగును. ప్రతిరక్షకములు లేని క్రొత్త శరీరమున బరువైన కవచము అక్కరలేదు. అచ్చట వేగముగా ప్రవేశించుటయే మేలు. తరువాత ఆ శరీరములో ప్రతిరక్షకములు పుట్టగానే వేషధారణము మరల మొదలగును.

అయినను జనసముదాయమున జాడ మిగులునట్లు కనబడుచున్నది. 2010లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు, 1985–1989 నడుమ సోకినవారి వైరసులను 2003–2006 నడుమ సోకినవారి వైరసులతో పోల్చి చూచిరి. వెనుకటివానికంటె తరువాతివి ప్రతిరక్షకములకు ఎక్కువ నిబ్బరముగా నిలిచినవి; వాని వంకీలు పొడవైనవి, గొలుసులు పెరిగినవి. అనగా వేలమంది శరీరములు చేసిన జల్లెడ వైరసు జాతినే కొంత మార్చినది. టీకా తయారుచేయువారికి ఇది గొప్ప చిక్కు. నిన్నటి వైరసును చూచి చేసిన టీకా రేపటి వైరసునకు సరిపడకపోవచ్చును.

ప్రతిరక్షకమును పరిణమించును

కథ ఇంతటితో ముగిసినచో నిరాశయే మిగులును. కాని మార్పు ఒక్క వైరసునకే పరిమితము కాదు. శోషరస గ్రంథులలో బి కణములు తమ జన్యువులను తామే మార్చుకొని, బిగువైన పట్టుగలవి మిగిలి, తక్కినవి నశించును. వైరసుమీద పనిచేసిన ప్రకృతివరణమే ఇచ్చటను పనిచేయును. కొన్ని సంవత్సరములు ఈ పెనుగులాట సాగిన పిమ్మట, సోకినవారిలో కొద్దిమందికి నానావిధములైన హెచ్.ఐ.వి. రకములను అణచగల ప్రతిరక్షకములు పుట్టును. వీనిని విస్తృత నిర్వీర్యకర ప్రతిరక్షకములందురు.

ఏ వేషము ధరించినను దారి చూచుకొనుటకు కన్నులు తెరచియుండవలెను గదా! వైరసునకు కన్నులవంటిది సి.డి.4ను పట్టుకొను భాగము. అది మారినచో వైరసు కణములో ప్రవేశింపజాలదు. 2010లో అమెరికాలో ప్రకటింపబడిన వి.ఆర్.సి.01 అను ప్రతిరక్షకము సరిగా ఈ చోటునే పట్టుకొనును. దాని జన్యువులో మూలరూపమునుండి మారిన అక్షరములు కొన్ని భాగములలో ఇంచుమించు ముప్పది శాతము. అంత మార్పునకు సంవత్సరములు పట్టును. 2013లో ఒక ఆఫ్రికా రోగిని సోకిన తొలివారములనుండి గమనించిన పరిశోధకులు, వైరసు వేషము మార్చిన కొలది ప్రతిరక్షకమును మారి విస్తృతి పొందిన విధమును మెట్టు మెట్టుగా చూపిరి. భారతదేశమునను ఈ కృషి జరిగినది. ఢిల్లీలోని అఖిల భారత వైద్యశాస్త్ర సంస్థ పరిశోధకులు సి ఉపజాతి సోకిన ఒక బిడ్డ శరీరమునుండి ఎయిమ్స్–పి01 అను విస్తృత ప్రతిరక్షకమును వేరుచేసి, 2019లో వివరములు ప్రకటించిరి.

అయితే ఆ శక్తివంతమైన ప్రతిరక్షకము గల రోగికిని దానివలన వ్యాధి నయము కాదు. ఆలస్యముగా పుట్టుట ఒక కారణము. అప్పటికే వైరసు కొన్ని కణముల జన్యువులలో నిద్రాణమై దాగియుండుట మరియొక కారణము. సోకనివారికి ముందుగానే ఇచ్చినచో నేమగునని వి.ఆర్.సి.01తో రెండు పెద్ద ప్రయోగములు జరిపిరి. సుమారు 4,600 మంది అందు పాల్గొనిరి. 2021లో ఫలితములు వెలువడెను. మొత్తముమీద రక్షణ కనబడలేదు. కాని ఆ ప్రతిరక్షకమునకు లొంగు వైరసుల విషయమున మాత్రము సుమారు 75 శాతము రక్షణ కలిగినది. ప్రతిరక్షకమునకు శక్తి కలదనియు, ఒక్క ప్రతిరక్షకము చాలదనియు దీనివలన తేలినది. ఇక టీకాతోనే బి కణములను మెట్టు మెట్టుగా ఆ దారిని నడిపించు యత్నము సాగుచున్నది. 2022లో ప్రకటింపబడిన తొలి ప్రయోగమున టీకా పొందిన 36 మందిలో 35 మందికి కావలసిన మూలకణములు మేల్కొనెను. ఇది తొలిమెట్టు మాత్రమే. ఫలవంతమైన టీకా ఇంకను చేతికి రాలేదు.

గంజామునకు దీనివలని ప్రయోజనము

పరిణామమునకు ముడిసరకు ప్రతుల సంఖ్య. ప్రతులు వ్రాయుట ఆగినచో తప్పులు పడవు. తప్పులు పడనిచో క్రొత్త వేషములు లేవు. ప్రతిరక్షకము చేయలేని ఈ పనిని మందులు చేయగలవు. 1987లో వచ్చిన మొదటి మందును ఒంటరిగా వాడినప్పుడు వైరసు కొన్ని నెలలలోనే దానికి లొంగకుండ మారినది. 1996 నుండి మూడు మందులు కలిపి ఇచ్చుట ఆరంభమైనది. మూడింటినుండి తప్పించుకొనుటకు కావలసిన మార్పులన్నియు ఒకే వైరసున ఒకేసారి కలుగుట అత్యంత దుర్లభము. భారత ప్రభుత్వము 2004 ఏప్రిల్ 1 నుండి ఈ మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. 1962లో నెలకొనిన బరంపురపు వైద్యకళాశాల, అనగా నేటి మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాల ఆసుపత్రియందు ఈ చికిత్సాకేంద్రము కలదు. క్రమముగా మందులు తిని, రక్తమున వైరసు కనబడనంతగా తగ్గినవారినుండి లైంగిక సంబంధమువలన ఇతరులకు వ్యాధి అంటదని పెద్ద పరిశోధనలు నిర్ధారించినవి. గర్భవతికి సకాలమున మందులిచ్చినచో బిడ్డను కాపాడవచ్చును.

వలసపోవు కుటుంబములకు ఇందొక జాగ్రత్త ముఖ్యము. మందు మానినచో జన్యువులలో దాగిన వైరసు మేల్కొని, కొన్ని వారములలోనే మరల ప్రతులు వ్రాయ నారంభించును. ఒకనాడు తిని ఒకనాడు మాని, కొలదిగా నున్న మందు నడుమ వైరసు పెరిగినచో, ప్రతిరక్షకమునుండి తప్పించుకొన్న విధముననే మందునుండియు తప్పించుకొనుట నేర్చును. సూరతునకు పోవువాడు ఊరిలో మాత్రలు మరచిపోయినను, తోటి కూలీలు చూతురను సిగ్గుచే మానినను నష్టము అతనితో పోదు; మందునకు లొంగని వైరసు అతని ఇంటికిని చేరవచ్చును. చికిత్సను ఒక కేంద్రమునుండి మరియొక కేంద్రమునకు బదిలీ చేయించుకొను ఏర్పాటు కలదు. పయనమునకు ముందే బరంపురమున ఆ కాగితము తీసికొనుట రైలు టిక్కెట్టు తీసికొనుటవలెనే అవశ్యము. ఈ సిగ్గునకు కారణమైన వివక్షను 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్సు చట్టము నిషేధించినది. అది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చినది. ఒకరి పరీక్షాఫలమును వారి అనుమతి లేక ఇతరులకు వెల్లడించుటను ఆ చట్టము సామాన్యముగా అంగీకరింపదు.

గంజాము పట్టణపువారు రెండువందల యేండ్ల క్రిందట జ్వరమునుండి పారిపోయిరి. ఈ వైరసునుండి పారిపోవ వీలు లేదు. పరుగులో దానిని గెలుచుట ప్రతిరక్షకములకే సాధ్యము కాలేదు. కాని దానిని నిలిపివేయు ఉపాయము నేడు జిల్లాలోనే, వెల లేకుండ లభించుచున్నది. పరీక్షకు వెనుదీయక, మాత్ర తప్పక, తప్పక తినువానిని ఇరుగుపొరుగులు చులకన చేయక నడచుకొన్నచో, వేషములు మార్చుటకు ఆ వైరసునకు తావే దొరకదు.